దేవుని పటం వెనక

(నేటి పారాయణం: భాగవతం సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్ర)

కనుమ నాడు అహోబిలంలో స్వామి పార్వేటకు బయలుదేరతాడు. జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ ఒకే పల్లకిలో కూర్చుని నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి జనాన్ని పిలవడానికి స్వామే ఇంటిదాకా వస్తాడని ఈ సీమ నమ్మకం. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు, తమ ఆడబిడ్డ చెంచులక్ష్మిని చేసుకున్నవాడు. ఏ ఊళ్ళో పల్లకి దిగితే ఆ ఊరికి ఆ రోజే పండగ. ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు. మిద్దెలకు సున్నం పడుతుంది, బండలు కడుగుతారు, గడపకు పసుపు పూస్తారు.

ఈ మధ్య ఆ పనుల్లో ఇంకొకటి చేరింది. పండగ పనులు మొదలుపెట్టే ముందు ఆళ్లగడ్డ నుంచో నంద్యాల నుంచో మనుషుల్ని పిలిపించి ఇంటికి పురుగుల మందు కొట్టిస్తున్నారు. బొద్దింకలకు, నల్లులకు, చెదలకు, గింజల్లో పుట్టే పురుక్కు. వచ్చేవాళ్ళు ఒక పూటలో పని ముగించి పోతారు. అంతకు ముందు రెండు మూడు రోజులు ఇంట్లోవాళ్ళు పడే పాటు వేరు. ఈ రోజు ధ్యానం ఆ పాటు గురించే. మందు కొట్టే పని మరొకరిది. మందు తగలడానికి ఇంటిని తెరిచి పెట్టడం మాత్రం మన పని, దాన్ని ఇంకొకరు చేసిపెట్టలేరు. ప్రహ్లాదుడి కథలో భక్తుడి వంతు ఎంత, భగవంతుడి వంతు ఎంత అని అడిగేవాళ్ళకు నాకు తోచిన జవాబు కూడా ఇక్కడే దొరికింది.

ముందు వంటిల్లు ఖాళీ చేయాలి. బియ్యం, బేడలు, పిండి, చక్కెర, ఉప్పు, చింతపండు, ఊరగాయ జాడీలు, పాల గిన్నె, తాగే నీళ్ళ బిందెలు, అన్నీ బయటికి. బయటికి తేలేనివి మూతలు బిగించి, పైన మందమైన పట్ట కప్పాలి. గిన్నెలు బోర్లించి గుడ్డ వేస్తే చాలదు, సంచుల్లో కట్టాలి. పసిబిడ్డల బట్టలు, ఉయ్యాల గుడ్డలు, ఆట బొమ్మలు, మందుల డబ్బా ముందుగా పోవాలి. పరుపులు లేపి నిలబెట్టాలి. బీరువాను గోడ నుంచి జరపాలి. అల్మారా తలుపులు, సొరుగులు అన్నీ తెరిచి వదలాలి. పొయ్యి ఆర్పాలి, గ్యాసు సిలిండరు కట్టేయాలి, దీపం కొండెక్కించాలి. కోళ్ళను, కుక్కను, పెరట్లో దూడను పక్కింటికి తోలాలి. చేపల తొట్టి ఉంటే దాన్నీ మరచిపోకూడదు. చాలా పురుగుమందులు చేపల మీద తీవ్రంగా పనిచేస్తాయి. కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ పూటకే కాదు, వీలైతే మరునాటిదాకా చుట్టాలింట్లో ఉండడం మంచిది.

చెప్పుకుంటూ పోతే ఇదంతా మామూలు పనే. చేస్తుంటే మాత్రం మనసుకు ఒక సంగతి తడుతుంది. ఇంట్లో రోజూ చేయి తగిలే చోట్ల పురుగు లేదు. పూటపూటా తుడిచే పొయ్యిగట్టు మీద లేదు, దాని కింద ఉంది. వాడే డబ్బాలో లేదు, ఎప్పుడో అత్తగారు పంపిస్తే అటక మీద పెట్టి మరచిపోయిన కొర్రల మూటలో ఉంది. చింతపండు తట్టలో ఉంది. ఈ చింతపండు సంగతి మన సీమవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. వేరుశనగ కాయను తొలిచే పురుగు చింతకాయల్లోనూ బతుకుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో పీకిన కాయలు బస్తాల్లో ఒక గదిలో ఉంటాయి, చింతపండు ఇంకో గదిలో ఉంటుంది. ఒక గదికే మందు కొట్టించి పని అయిపోయిందనుకుంటే, రెండో గదిలోంచి అదే పురుగు మళ్ళీ బస్తాల్లోకి వస్తుంది. బుడ్డశనగలకు పట్టే పుచ్చు పురుగూ అంతే, కొంత చేన్లో ఉండగానే గింజ మీదికి చేరి, మన సంచిలో ఎక్కి, మన భుజం మీదే ఇంటికి వస్తుంది. గింజ పైకి నున్నగా ఉంటుంది. గుండ్రటి బెజ్జం కనబడేసరికి లోపలి పురుగు తినాల్సింది తినేసి రెక్కలతో బయటపడి ఉంటుంది.

మన పెద్దలకు ఈ బాధ కొత్త కాదు. వేపాకు ఎండబెట్టి గింజల మధ్య పరిచారు, పెసలకు బూడిద పట్టించారు, అన్నిటికన్నా గొప్పగా జొన్న పాతర తవ్వారు. నేలలో లోతుగా గొయ్యి తీసి, లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన గాలి దూరకుండా మన్ను కప్పేవాళ్ళు. లోపలున్న గింజలూ పురుగులూ పీల్చగా పీల్చగా ఉన్న కాస్త ప్రాణవాయువు తరిగిపోతుంది, పురుగు తన ఊపిరికే తాను చస్తుంది. విషం చుక్క లేదు. అందుకే పాతర తెరిచినప్పుడు వెంటనే దిగకూడదనేవాళ్ళు. ముందు గాలి ఆడనివ్వాలి, దీపం దించి చూడాలి, దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. తొందరపడి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఈ రోజున మందు కొట్టించిన ఇంట్లోకి చెప్పిన గడువు కాకముందే ఏదో మరచిపోయామని దూరేవాళ్ళను చూస్తే, పాతర దగ్గర దీపం దించిన ఆ ఓర్పు గుర్తుచేయాలనిపిస్తుంది.

ఇక అసలు చోటుకు వస్తాను. ఇల్లంతా సర్దుకున్నాక చివరికి మిగిలేది దేవుని గూడు. దాని జోలికి పోవడానికి అందరికీ జంకు. దిగువ అహోబిలంలో ఒక పాత మిద్దె ఇంట్లో జరిగిన మాట ఇది. పంపు భుజాన వేసుకున్న అబ్బాయి దేవుని గోడ ముందు ఆగాడు. ఇంటి అవ్వ అడిగింది, “దేవుని పటాలు గూడా తియ్యాల్నా అబ్బీ?” “తియ్యాల అవ్వా. చెదలు శానా ఇండ్లల్లో ఆడే ఉంటాయి.” అవ్వ చెంగుతో చేతులు తుడుచుకుని, స్వామికి దండం పెట్టి, తానే పటం దించింది. గోడ మీద సున్నం పెచ్చు కింద నుంచి దూలం దాకా వేలు లావు మట్టి గీత. పటం వెనక అట్ట సగం లేదు. ముందు వైపు అద్దంలో స్వామి మాత్రం కుంకుమ బొట్టుతో నిండుగా ఉన్నాడు.

ఆ అవ్వ భక్తిలో లోటు ఉందని నేను అనను. ఆ పటానికి ఎన్నో ఏళ్ళుగా రోజూ పువ్వు పెట్టిన చేయి అది. ముట్టుకోవడానికి భయపడేంత గౌరవం ఉన్న చోటే ఎవరూ వెనక్కి చూడరు. చెదపురుక్కు కావలసింది అదే. దానికి వెలుతురు పడదు, ఎండ గాలి తగిలితే ఎండి చస్తుంది, అందుకే నేల నుంచి మట్టి గొట్టం కట్టుకుని దాని లోపలే నడుస్తుంది. కట్టె, కాగితం, అట్ట, గుడ్డ, వాటిలోని పీచే దాని తిండి. దేవుని గూట్లో ఇవన్నీ సమృద్ధిగా ఉంటాయి. పాత పంచాంగాలు, పెళ్ళి శుభలేఖలు, వత్తుల దూది, తలంబ్రాల మూట, నూనె జిడ్డు పట్టిన ఎర్రగుడ్డ, ఎప్పుడో తిరుమల నుంచి తెచ్చి దాచిన ప్రసాదం పొట్లం. పారేయడానికి చేయి రానివన్నీ దేవుని దగ్గర పెడతాం.

మన లోపలి గూడు కూడా ఈ తీరుగానే ఉంటుందని నాకు తోస్తుంది. కోపమూ దురాశా సంతలోనో పొలం గట్టు మీదో పైకి వచ్చేవైతే ఎవరో ఒకరు పట్టిస్తారు. భక్తి వెనక దూరినదాన్ని పట్టించేవాళ్ళు ఉండరు. నేను ఇన్ని ఉపవాసాలున్నాననే లెక్క, నా మొక్కు తీరింది కాబట్టి నేను పక్కవాడికన్నా స్వామికి దగ్గరవాణ్ణనే ధీమా, గుళ్ళో తీర్థం ముందు నాకివ్వలేదన్న అలక. ఇవి పటం వెనక పాకే గీతలు. ఎదటి వైపు బొట్టు ఎప్పటిలానే ఉంటుంది. వెనక అట్ట తరిగిపోతుంటుంది.

హిరణ్యకశిపుడు అడిగిన ప్రశ్న మనకందరికీ తెలుసు, నీ హరి ఎక్కడున్నాడని. అన్నిచోట్లా ఉన్నాడన్నాడు కొడుకు. అయితే ఈ స్తంభంలో ఎందుకు కనబడడని తండ్రి ఎదురు ప్రశ్న వేశాడు. ఆ స్తంభం అతని కొలువులోనిదే. రోజూ దాని పక్క నుంచే నడిచి వెళ్ళి సింహాసనం ఎక్కి ఉంటాడు. మూడు లోకాలూ వెతికి విష్ణువు లేడని తేల్చుకున్నవాడు తన సభలోని కంబం లోపల ఏముందో ఏనాడూ అనుకోలేదు. పిడికిలితో పొడిచాడు, అది పగిలింది. ఎగువ అహోబిలం నుంచి భవనాశిని వాగు వెంట నడిచి, జ్వాలా నరసింహుణ్ణి దాటి, కొండకొమ్మున చీలి నిలబడ్డ ఉక్కు స్తంభం దాకా ఎక్కినవాళ్ళకు ఆ కథ కాళ్ళలోకి ఎక్కుతుంది. స్వామి వెలువడింది అక్కడే అని మన పెద్దల మాట. సర్వత్రా ఉన్నాడని నోటితో అనడం తేలిక. సర్వత్రా అంటే అటక మీద మూట లోపల, బీరువా వెనక, నా ముఖం వెనక కూడా అని ఒప్పుకోవడం కష్టం. ప్రహ్లాదుడు ఒప్పుకున్నాడు. అందుకే అతనికి ఏ స్తంభమూ భయం కాలేదు.

ఆ కథ మొదట్లోనే ఒక పుట్ట ఉంది. దాన్ని మనం వేగంగా చదివి దాటిపోతాం. హిరణ్యకశిపుడు మందర పర్వతం లోయలో తపస్సుకు కూర్చుంటే చుట్టూ పుట్ట పెరిగింది, గడ్డీ వెదురూ మొలిచాయి, చీమలు అతని చర్మాన్ని, మాంసాన్ని, నెత్తుటిని తినేశాయి. ఎముకల్లో ప్రాణం పట్టుకుని ఉన్నాడు. బ్రహ్మ వచ్చి కమండలంలోని నీళ్ళు చల్లాడు. పుట్టలోంచి కరిగిన బంగారంలాంటి ఒంటితో, పడుచువాడిగా లేచి వచ్చాడు. ఒంటిని తిన్న పురుగు పోయింది, ఒళ్ళు కొత్తదయింది. లేచిన వెంటనే అతను అడిగింది చావు లేని బతుకు. లోపలా కాదు బయటా కాదు, పగలూ కాదు రాత్రీ కాదు, నేల మీదా కాదు ఆకాశంలోనూ కాదు అని ఒక్కొక్క సందూ మూసుకుంటూ వచ్చాడు. అంత తపస్సు చేసినవాడు, బ్రహ్మనే ఎదురుగా నిలబెట్టుకున్నవాడు, తమ్ముణ్ణి చంపిన విష్ణువు మీది పగను మాత్రం పుట్టలోంచి చెక్కుచెదరకుండా బయటికి తెచ్చుకున్నాడు. చెదల మందు వేసేవాళ్ళు కూడా ఇదే చెబుతారు. గోడ మీద మట్టి గీతను గీకేసినంత మాత్రాన ఏమీ కాదు, రాణి నేలలో ఉంటుంది, వారం తిరక్కుండా కొత్త గీత వస్తుంది.

ఇక్కడ మెత్తని మనసున్నవాళ్ళకు ఒక సందేహం వస్తుంది. దాన్ని తోసిపుచ్చడం నాకిష్టం లేదు. అన్నిటిలోనూ హరి ఉన్నాడంటే బొద్దింకలో లేడా, చెదలో లేడా? నాగులచవితి నాడు పాలు పోసి పసుపు చల్లే పుట్ట ఎవరు కట్టింది? ఈ చెదల జాతే కదా. తొలకరి రాత్రి దీపం చుట్టూ మూగే ఉసిళ్ళు రెక్కలొచ్చిన చెదలే. సీమ చేలల్లో రాలిన ఆకునూ ఎండిన దంటునూ మట్టిగా మార్చే పెద్ద పని వాటిదే. చేన్లో వాటికి చోటుంది. అవ్వ తల మీది దూలంలో లేదు. బిడ్డ పాలడబ్బాలో బొద్దింకకు చోటు లేదు. నరసింహుడు ఉగ్రంగా ఉన్నప్పుడు దేవతలు దగ్గరికి పోలేకపోయారు, లక్ష్మీదేవి సైతం వెనకాడింది. చిన్నవాడు ప్రహ్లాదుడే వెళ్ళి సాగిలపడ్డాడు. అప్పుడు అతను చేసిన స్తుతిలో ఒక మాట ఉంది. తేలో పామో చస్తే సాధువు కూడా ఊరట పడతాడు, లోకం ఊరట పడింది, ఇక కోపం చాలించు స్వామీ అని. చంపకూడదని అతను అనలేదు, చంపడంలో ఆనందం వెతుక్కోలేదు కూడా. అవసరం తీరగానే కోపం ఆగాలని అడిగాడు. ఆ తర్వాత తండ్రికి మంచి గతి కావాలని కోరుకున్నాడు. ఇరవై ఒక్క తరాలు పునీతమయ్యాయని స్వామి అభయమిచ్చాడు. ఇంటికి మందు కొట్టించేవాళ్ళు మోతాదు మించకుండా, అవసరం లేని చోట చల్లకుండా, పెరట్లో పువ్వుల మీద వాలే తేనెటీగను ముట్టకుండా చూసుకుంటే, ఈ ప్రార్థనను కొంతైనా ఆచరించినట్టే.

మోతాదు అన్నాను కాబట్టి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. బియ్యం బస్తాల మధ్య, శనగల గదిలో పొగ బిళ్ళలు పెట్టుకునే అలవాటు మన పల్లెల్లో ఉంది. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలవి. మూడు గ్రాముల బిళ్ళ ఒకటి గాలిలోని తేమ తగిలి ఒక గ్రాము ఫాస్ఫీన్ గ్యాసు వదులుతుంది. ఆ గ్యాసుకు రంగు లేదు. గాలికన్నా కాస్త బరువు, సందుల్లోంచి పక్క గదిలోకి పాకుతుంది. ఒక్కోసారి వెల్లుల్లి వాసనో కుళ్ళిన చేప వాసనో వస్తుంది, రాకపోయినా రాకపోవచ్చు. దానికి విరుగుడు మందు లేదు. గింజల గది పక్కనే నిద్రపోయి తెల్లారేసరికి పిల్లలు లేవని ఇళ్ళు దేశంలో చాలా ఉన్నాయి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఈ బిళ్ళల వాడకానికి గట్టి కట్టడి ఉంది. ప్రభుత్వ సంస్థలు, ఆమోదం పొందిన నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే పురుగుల నివారణవాళ్ళు మాత్రమే వాడాలి. అది గోదాముల్లో, పట్టలు కప్పి, మనుషులు లేని చోట చేసే పని. మన వంటింటి పక్క గదికి పనికిరాదు. మన సీమ గాలిలో తేమ తక్కువ. బిళ్ళ నెమ్మదిగా పొడి అవుతుంది, అయిపోయిందనుకున్న పొడిలోనూ ఇంకా గ్యాసు మిగిలి ఉండవచ్చు. చేతులు జోడించి అడుగుతున్నాను, ఈ బిళ్ళలతో ఇంట్లో సొంత ప్రయోగాలు వద్దు.

అన్నీ సర్దాక, తలుపు దగ్గరగా వేశాక, ఇంటివాళ్ళు వచ్చి కూర్చునేది పక్కింటి అరుగు మీద. మన సీమలో ఇది కొత్త దృశ్యం కాదు. 1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారినప్పటి నుంచి డీడీటీ కొట్టేవాళ్ళు ఊరూరా తిరిగారు. నల్లమల అంచు పల్లెలకూ చెంచు గూడేలకూ వాళ్ళు తెలిసినవాళ్ళే. మలేరియావాళ్ళు వస్తున్నారంటే కుండా చట్టీ, గుడ్డా గోనే అన్నీ వీధిలోకి వచ్చేవి. పని అయ్యాక తలుపు మీదో గోడ మీదో తేదీ రాసి పోయేవాళ్ళు. మందు తెల్లగా మరకలు కడుతుందని ఆడవాళ్ళు వెంటనే గోడ అలికేవాళ్ళు, సున్నం పూసేవాళ్ళు. దానితో మందు పని చేయడం మానేసేది. దోమ వచ్చి గోడ మీద వాలినప్పుడే ఆ మందు చంపాలి, కొన్ని వారాలు గోడను అలాగే వదలాలి. ఆ సంగతి ఎవరో ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పిన ఊళ్ళలో జ్వరాలు తగ్గాయి. ఇప్పటికీ అదే నియమం. పార్వేటకు సున్నం కొట్టించుకోవాలనుకుంటే ముందు సున్నం, అది ఆరాక మందు. బొద్దింకల కోసం మూలల్లో చుక్కలు చుక్కలుగా పెట్టే బంక లాంటి మందును కొన్నాళ్ళు తుడవకూడదు.

ఆ అరుగు మీద కూర్చున్న పూట నాకు చాలా ఇష్టం. లోపల మన వస్తువులు మనం లేకుండా ఉన్నాయి. చేయగలిగింది చేసేశాం, ఇక చేతిలో పని లేదు. తాళం ఇంకొకరి దగ్గర ఉంది. వైష్ణవ పెద్దలు శరణాగతి గురించి ఎంత చెప్పినా నాకు అంతగా పట్టుబడలేదు, ఈ పూట పట్టుబడింది. సొరుగులన్నీ తెరిచి పెట్టి రావాలి, తర్వాత తొంగి చూడకూడదు. సొరుగు మూసిపెట్టి అంతా స్వామే చూసుకుంటాడు అనడం సోమరితనం. తెరిచి పెట్టాక కూడా కిటికీ సందులోంచి చూస్తూ ఉండడం అపనమ్మకం. ప్రహ్లాదుడు నిప్పులోనూ ఏనుగు కాళ్ళ కిందా కొండ మీది నుంచి పడుతున్నప్పుడూ తన వంతు నామం తను పలికాడు, రక్షించే తీరు ఎలా ఉండాలో స్వామికి నేర్పలేదు. హిరణ్యకశిపుడి చావు ద్వారం దగ్గర, లోపలా బయటా కాని చోట జరిగింది. పసుపు పూసిన గడపను చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. మన ఇళ్ళలో చెద మొదట పట్టేదీ గడపనే, నేలకు ఆనుకున్న కట్టె కాబట్టి.

పక్కింటివాళ్ళ గురించి కూడా ఒక మాట. మన బిందెలు, మన పరుపులు, మన సాలగ్రామాల పెట్టె, మన కోళ్ళు, అన్నీ వాళ్ళ వసారాలో. ఆ పూట మన దేవునికి నైవేద్యం వాళ్ళ పొయ్యి మీదే ఉడుకుతుంది. ఏడాదంతా గట్టు తగాదా ఉన్నవాళ్ళు కూడా ఆ రోజు కాదనరు. స్వామి పల్లకిలో ఊరూరా తిరిగి పరాయి వాకిట్లో దిగుతున్నాడు. మనం ఒక పూట పరాయి అరుగు మీద కూర్చోవడానికి నామోషీ పడనక్కరలేదు.

గడువు తీరాక ముందు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి వదిలేయాలి. గంటో రెండు గంటలో, వాళ్ళు చెప్పినంతసేపు గాలి ఆడనివ్వాలి. ఆ తర్వాతే పిల్లలు. పొయ్యిగట్టు సబ్బునీళ్ళతో కడగాలి, గిన్నెలు మళ్ళీ తోమాలి, మూత సరిగా లేని తిండి ఏదైనా లోపల ఉండిపోయి ఉంటే పారేయాలి. జ్వాలా నరసింహుడి దగ్గర రక్తకుండం ఉంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి అక్కడే చేతులు కడుక్కున్నాడని చెబుతారు. ఆ చేతులనే ఆ తర్వాత ప్రహ్లాదుడి తల మీద పెట్టాడని నేను తలుచుకుంటాను. మందు కొట్టిన అబ్బాయి పంపు దించగానే సబ్బు, నీళ్ళు ముందుగా ఇవ్వండి. చేతులూ ముఖమూ కడుక్కున్నాకే మజ్జిగ ఇవ్వండి. ముక్కుకు గుడ్డ ఒక్కటి కట్టుకుని రోజుకు ఎన్నో ఇళ్ళ విషాన్ని పీల్చే పని వాళ్ళది. మాస్కూ తొడుగులూ లేకుండా వస్తే పని మొదలుపెట్టనివ్వకండి, వాళ్ళ యజమానిని అడగండి.

అయినా అంతటితో తీరదు. తిరుగుతున్న పురుగు చచ్చినంత సులువుగా గుడ్డు చావదు. గోదాముల్లో గ్యాసు పెట్టినప్పుడు గుడ్లూ, గూటిలో ముడుచుకున్న పురుగులూ ఎక్కువ తట్టుకుంటాయి, అందుకే బస్తాలను రోజుల తరబడి పట్ట కింద మూసి ఉంచుతారు. గ్యాసు పోయాక గింజ మీద కాపలా ఏమీ మిగలదు, కొత్త పురుగు వస్తే మళ్ళీ మామూలే. మందు కొట్టినవాళ్ళు కొన్ని వారాల తర్వాత ఇంకోసారి రావాలంటే డబ్బు కోసమని అనుకోకండి. గుడ్లు పొదిగి పిల్లలు వచ్చే రోజుల లెక్క అది.

ఎదుట తండ్రి పేగులు మెడలో వేసుకున్న నరసింహుడు నిలబడి వరం కోరుకో అన్నప్పుడు ప్రహ్లాదుడు ఆశ్చర్యకరమైన మాట అన్నాడు. సేవ చేసి దానికి బదులు అడిగేవాడు భక్తుడు కాదు, వ్యాపారి అన్నాడు. అయినా ఇస్తానంటే ఒకటే ఇమ్మన్నాడు. నా గుండెలో కోరిక మొలకెత్తకుండా చెయ్యి అని. పెరిగిన రాక్షసుణ్ణి స్వామి అప్పటికే చంపేశాడు. ఈ బిడ్డ చూపు ఇంకా పుట్టని దాని మీద, తనలోనే ఉండే అవకాశం ఉన్న గుడ్డు మీద నిలిచింది. తండ్రి నెత్తురే కదా తనలోనూ ఉన్నది. ఆ భయం అతనికి ఉందని నేను అనుకుంటాను. అందుకే ఆ వరం అంత నిజాయితీగా వినబడుతుంది.

ఈ ప్రార్థనతో ఈ రోజుకు పనిలోకి పోదాం.

అహోబిల నరసింహా, నువ్వు కంబంలో ఉన్నావని నమ్ముతాను. నా అటక మీదా, నా బీరువా వెనకా, నీ పటం వెనకా ఉన్నావని నమ్మే బలం ఇవ్వు. సాయంత్రంలోగా ఒక సొరుగైనా తెరుస్తాను, ఒక మాటైనా దాచకుండా ఇంట్లోవాళ్ళకు చెబుతాను. చీల్చడం నీ చేతి పని, నేను గోళ్ళు అరువు అడగను. ఇళ్ళకు మందు కొట్టే ఆ పిల్లల ఊపిరి కాపాడు. బిళ్ళల డబ్బా ఏ ఇంట్లో ఉన్నా, ఏ బిడ్డ చేతికీ అందకముందే పెద్దవాళ్ళ కంట పడేటట్టు చెయ్యి. కోతకొచ్చిన శనగ చేలు పుచ్చు లేకుండా ఇల్లు చేరాలి. పార్వేట పల్లకి మా ఊరికి వచ్చేనాటికి మా గడప కట్టె గట్టిగా ఉండాలి. నీ గోవిందనామం పలికే నోట్లో నేనే గొప్ప అన్న మాట మొలవకూడదు. మొలిస్తే, రెండోసారి కూడా రా.